అంటించిన కవరు

రెంజల్,
18 జూన్ 2007

తమ్ముడు హనోకుకు అక్క విమల రాస్తున్నది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. సబ్‌సెంటర్‌లో నేను ఫోన్ ఎత్తితే సూదికి వచ్చినవాళ్లు పదిమంది చెవులు ఇటే పెడతారు. కార్డు రాద్దామంటే మా పోస్ట్‌మాన్ పోశన్న సంగతి నీకు చెప్పనే చెప్పాను. ముప్ఫై ఏళ్లుగా చదువురాని వాళ్లకు ఉత్తరాలు చదివి పెట్టీ పెట్టీ, కార్డు చేతికొస్తే చదవకుండా ఇవ్వడం ఆయనకు చేతకాకుండా పోయింది. మొన్న నా స్నేహితురాలి కార్డు ఇస్తూ, "సిస్టర్, మీ దోస్తు కొడుకు మల్ల ఫేలైండు. జవాబుల జర గట్టిగ రాయుండ్రి" అన్నాడు. అందుకే కవరు. అంచులకు రెండుసార్లు జిగురు పెట్టాను.

నెట్ సెంటర్ నడిపేవాడివి, నీ పనికి సంబంధించిన సాయం కావాలి. ఆదివారం చర్చి అయ్యాక బోధన్‌లో నెట్ సెంటర్‌కు వెళ్లాను. అడ్రసు రాసే పట్టీలో ఒక్క అక్షరం కొట్టగానే, నాకంటే ముందు కూర్చున్నవాళ్లు చూసినవన్నీ వరుసగా కిందికి దిగాయి. ఒకరు దుబాయి వీసా చూశారు. ఒకరు పెళ్లి సంబంధాలు చూశారు. ఇంకొకటి చదివి నేనే తల దించుకున్నాను. వాళ్లవి నాకు కనబడితే నావి నా తర్వాతి వాళ్లకు కనబడతాయి కదా. పైగా అడగని ప్రకటనలు తెర మీద ఎగిరి పడుతున్నాయి. ఒకటి మూస్తే రెండు. పక్క కుర్చీలో పాస్టరమ్మ ఉంది. నేను లేచి వచ్చేశాను.

నేను ఒక పెద్దమనిషి మీద జిల్లా ఆఫీసులో ఒక మేడంకు రాయబోతున్నాను. పోస్టులో పంపితే కవరు మీద రెంజల్ ముద్ర పడుతుంది కాబట్టి మెయిల్‌లోనే పంపాలి. ఎవరి మీద, ఏమిటి అని అడగకు. రాసింది నేనని బయటపడితే నన్ను ఇంకో చోటికి తోలడం చిన్న సంగతి. ఈ ఊళ్లలో ఏ ఇల్లూ నన్ను గడప దాటనివ్వదు. గడప దాటలేని నర్సు ఎవరికీ అక్కరకు రాదు. ఆనవాలు మిగలకుండా పని ఎలా చేసుకోవాలో విడమరిచి రాయి.

మరదలు జ్ఞానమ్మ ఎలా ఉంది? మార్చిలో జారిపడి నాలుగో నెల కడుపు పోయిందని నువ్వు చెప్పినప్పటి నుంచీ రావాలనుకుంటున్నాను, తీరడం లేదు. ఐరన్ గోలీలు మానవద్దని చెప్పు. ఆడపిల్లలిద్దరినీ అడిగానని చెప్పు.

విమల


నిజామాబాద్,
25 జూన్

అక్కకు,

నీ కవరు తెరవడానికి కత్తెర పట్టాల్సి వచ్చింది. పోశన్న సంగతి జ్ఞానమ్మకు చదివి వినిపిస్తే చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆమె బాగానే ఉంది.

ఇక విను. బోధన్‌లో నువ్వు నొక్కింది నీలం రంగు 'ఇ' గుర్తు. అది మిషన్‌తో పాటే వస్తుంది కాబట్టి జనం దాన్నే ఇంటర్నెట్ అనుకుంటారు. ఇంటర్నెట్ ఊరైతే, అది ఊరికి పోయే బండ్లలో ఒకటి. అలాంటి బండిని బ్రౌజర్ అంటారు. నేను నా ఆరు మిషన్లలో నక్క బొమ్మ ఉండేది పెట్టాను. ఫైర్‌ఫాక్స్ అంటారు. ఊరికే వస్తుంది. దానికి యాడ్‌బ్లాక్ అనే చిన్న ముక్క తగిలిస్తే ప్రకటనలు ఆగిపోతాయి.

ప్రకటన అంటే చికాకు ఒక్కటే కాదక్కా. ఒకే కంపెనీ బొమ్మ యాభై సైట్లలో ఉంటే, నువ్వు ఆ యాభైలో ఏది తెరిచినా ఆ కంపెనీకి తెలుస్తుంది. ఒక మనిషి ప్రతి గల్లీ మొదట్లో తనవాణ్ని నిలబెట్టి, నువ్వు ఏ ఇంటికి పోయావో రాయించుకున్నట్టు. బొమ్మే రాకపోతే రాసుకునేవాడు ఉండడు.

లేచే ముందు పైన టూల్స్‌లో 'క్లియర్ ప్రైవేట్ డేటా' అని ఉంటుంది. అన్ని గళ్లలో టిక్ పెట్టి నొక్కు. నువ్వు తిరిగిన జాడ పోతుంది. 'గుర్తు పెట్టుకోమంటావా' అని మిషన్ అడిగితే ఎప్పుడూ వద్దను. సైన్ అవుట్ కాకుండా కిటికీ మూయకు. వీపు గోడకు ఉండే కుర్చీలో కూర్చో. బోధన్ సెంటర్ నడిపే రాజమల్లుకు మిషన్ పట్టుకోవడం నేర్పింది నేనే. ఒప్పుకోకపోతే నా పేరు చెప్పు.

ఇన్ని చెప్పినందుకు ఒక్కటి అడగనీ. ఆ పెద్దమనిషి ఎవరు? కొంపదీసి నేను కాదు కదా.

హనోకు


రెంజల్,
9 జూలై

హనోకుకు,

రాజమల్లు మొదట ఒప్పుకోలేదు. "గీ నక్కను దెచ్చి పెడితె నా మిషన్లల్ల ఏం మింగుతదో సిస్టర్" అన్నాడు. నీ పేరు చెప్పాను. "హనోకన్న సెప్పిండా? ముందుగాల్నే అనొద్దా?" అని తనే కూర్చుని పెట్టాడు. ప్రకటనలు లేని తెరను కాసేపు చూసి, "చెరుకు కొట్టిన మడి లెక్క సాఫయింది. రోజుకు నాలుగుసార్లు నాకు లాటరీ తగులుతుండె, ఇగ గది గూడ బందే" అన్నాడు. సెంటరంతా నవ్వింది. నేను గోడ పక్క కుర్చీ పట్టాను. పంపవలసింది పంపాను. నా పేరు దాచమనీ, జవాబు ఈ మెయిల్‌కే ఇమ్మనీ, ఇంటికి ఎవరినీ పంపవద్దనీ రాశాను. నువ్వు చెప్పినవన్నీ వరుసగా చేశాకే లేచాను.

నీకు కొంతైనా చెప్పడం న్యాయం. గర్భిణీల రిజిస్టరు నా దగ్గర ఉంటుంది. మూడో నెలలో పేరు ఎక్కించుకుని, సూది వేసి, గోలీలు ఇస్తాను. అయిదో నెలలో వెళితే కొందరికి కడుపు ఉండదు. జారిపడ్డామంటారు. బిందె ఎత్తామంటారు. మొదట్లో నమ్మాను. తర్వాత పాత పేజీలు కూడా తీసి ఒక రోజంతా చూశాను. జారిపడినవాళ్లందరికీ అంతకు ముందు ఉన్నది ఆడపిల్లలే. కొడుకు ఉన్న తల్లి ఒక్కతి కూడా జారిపడలేదు. అందరూ ఒకే స్కానింగ్ సెంటర్‌కు పోయి వచ్చినవాళ్లు. అది ఎక్కడిదో, ఎందరి పేర్లు రాశానో ఈ ఉత్తరంలో పెట్టను. నీకు తెలియకపోవడమే నీకు మంచిది.

విమల


నిజామాబాద్,
2 ఆగస్టు

అక్కకు,

ఆలస్యమైంది. కరెంటు పోతున్నది, పని ఎక్కువగా ఉంది.

నా షాపు ఎవరి మేడ మీద ఉందో నీకు తెలుసు. కింద స్కానింగ్, పైన నేను. వాళ్ల చీటీలు, కవర్లు అచ్చు వేసేది నేనే. నువ్వు పేరు రాయకపోయినా నాకు అర్థం కాదా?

పదకొండు పేర్లతో ఏం రుజువవుతుంది? ఆ ఆడవాళ్లలో ఒక్కరైనా వచ్చి చెబుతారా? రేపు ఆ డాక్టరుకు ఏమీ కాదు. నీకే అవుతుంది. ఆఫీసుల జవాబులు నెలలు పడతాయి. ప్రతి ఆదివారం అక్కడికి పోయి కూర్చోకు. మనుషులు గమనిస్తారు.

జ్ఞానమ్మ బాగుంది.

హనోకు


రెంజల్,
27 ఆగస్టు

హనోకుకు,

ఏడు ఆదివారాలు అయ్యాయి, జవాబు లేదు. బస్సులో బోధన్ చేరేదాకా, ఈ రోజు ఉంటుంది అనుకుంటాను. తెరిచి చూస్తాను. ఏమీ ఉండదు. యాడ్‌బ్లాక్ నా జవాబును కూడా ప్రకటన అనుకుని ఆపేసిందా? దాన్ని తీసేయనా? అనుమానం వచ్చి నీలం 'ఇ'లో నుంచి కూడా చూశాను. అందులోనూ లేదు. చెత్త మెయిళ్లు పడే డబ్బా కూడా వెతికాను. నీకు తెలిసింది రాయి.

పోయిన బుధవారం కాలువ అవతలి క్యాంపుకు వెళ్లాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఇళ్లు. రత్తమ్మగారని పెద్దావిడ మజ్జిగ ఇచ్చి మాటల్లో తనే చెప్పింది. "నోటితో ఏమీ చెప్పరు నర్సమ్మా, చట్టం ఒప్పుకోదంట. కవరు తెరిచి ఇచ్చారా, మగపిల్లోడు. అంటించి ఇచ్చారా, ఆడపిల్ల. ఇంక చదివేదేముంది?" వాన గురించి చెప్పినట్టు చెప్పింది. క్యాంపు అనీ, ఊరు అనీ, మన చర్చి గల్లీ అనీ తేడా లేదు. అన్ని గల్లీల పేర్లూ నా రిజిస్టరులో ఉన్నాయి.

మా ఊరిలో నర్సవ్వకు ఇద్దరు ఆడపిల్లలు. ఇప్పుడు మూడో నెల. అత్త బాలవ్వ నా ముందే అన్నది: "దసరా ముందట టౌనుకు తీస్కపోయి సూపిస్త." బాలవ్వ లోపలికి పోయాక నర్సవ్వ నా చీర కొంగు పట్టుకుంది. "నాకు పోబుద్ధయితలేదు సిస్టర్. పోనంటె ఇంట్ల ఉండనియ్యరు." ఉండు, ఒక పని జరుగుతున్నది, దసరా లోపే జరుగుతుంది అని చెప్పాను. ఏ ధైర్యంతో చెప్పానో తెలియదు. అందుకే నాకు కాలు నిలవడం లేదు.

విమల


నిజామాబాద్,
10 సెప్టెంబర్

అక్కకు,

యాడ్‌బ్లాక్ ప్రకటనలనే ఆపుతుంది, ఉత్తరాలను ఆపదు. తీసేయవద్దు. రాకపోతే రాలేదనే లెక్క. ఆఫీసులో చదివేవాళ్లు మారి ఉంటారు.

వదిలెయ్యి. నువ్వు చేయవలసింది చేశావు. మళ్లీ రాయకు. క్రిస్మస్‌కు వచ్చి నాలుగు రోజులు ఉండు.

హనోకు


రెంజల్,
28 అక్టోబర్

హనోకుకు,

నర్సవ్వ దసరాకు ముందు శుక్రవారం టౌనుకు పోయి వచ్చింది. నిన్న ఇంటికి వెళ్లాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "జారి పడ్డది" అన్నది బాలవ్వ. రిజిస్టరులో నర్సవ్వ పేరు మీద గీత గీశాను. పన్నెండు.

ఈ రోజు బోధన్‌లో ఒక మెయిల్ పంపాను. నీకు కాదు. దాని గురించి నిన్ను అడిగేది కూడా ఏమీ లేదు.

విమల


నిజామాబాద్,
2 నవంబర్

అక్కా,

ఆదివారం నువ్వు నీకే పంపుకున్న మెయిల్ చూశాను. "హనోకూ, ఇది చదివింది నువ్వే అయితే ఉత్తరం రాయి." ఒక్క వాక్యమే ఉంది. తీసేయబోయాను. చేయి రాలేదు. నాలుగు రోజులు రాసినవన్నీ చింపేశాను.

2005లో నీ ట్రైనింగ్ ఫారం కోసం ఆ మెయిల్ తయారు చేసింది నేనే. నా దగ్గర మెయిల్ తెరిచిన ప్రతి ఒక్కరి పేరూ, పాస్‌వర్డూ పొడుగు పుస్తకంలో రాసి పెట్టాను. మరిచిపోయి వచ్చి అడుగుతారు కదా. మన చర్చి వాళ్లందరికీ కీర్తన 23నే పెట్టాను, అదైతే ఎవరూ మరవరని. నీకూ అదే. పుస్తకం గల్లా పక్కన ఉంటుంది. జూలై దాకా నీ పేజీ తెరవలేదు. రిజిస్టరు సంగతి రాసిన ఉత్తరం వచ్చిన రోజు తెరిచాను.

మేడం నుంచి రెండు జవాబులు వచ్చాయి. రెండూ నీకంటే ముందు చదివి తీసేశాను. చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. కిందివాళ్లకు మాత్రం చెప్పలేదు. ఇది నమ్మినా నమ్మకపోయినా నిజం.

షాపు పోతుందనే భయంతో చేశానని రాద్దామనుకున్నాను. అది సగమే. మార్చిలో జ్ఞానమ్మను కిందికి తీసుకుపోయాను. ఒక్క అంతస్తు దిగితే చాలు. మాకు కవరు అంటించి ఇచ్చారు. నేను అచ్చు వేసిన కవరే. ఆమె జారిపడలేదు. ఆమె వద్దన్నది, నేను పట్టుబట్టాను. నువ్వు వాళ్ల రికార్డులు తెరిపిస్తే అందులో ఆమె పేరూ నా సంతకమూ ఉంటాయి.

ఇంకొకటి. దసరా ముందు శుక్రవారం ఒక మనిషి మెట్లెక్కి వచ్చి నీళ్లు అడిగింది. ఏ ఊరంటే రెంజల్ అన్నది. నీళ్లు ఇచ్చాను. పేరు అడగలేదు. నాకు తెలుసు.

హనోకు


రెంజల్,
6 నవంబర్

హనోకుకు,

నీ ఉత్తరం అందింది.

ఎలా తెలిసిందో రాస్తాను. అక్టోబర్ 24న సూదుల రోజు ఆ మేడం తనిఖీకి వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, "రెండుసార్లు జవాబు ఇచ్చానమ్మా. సెప్టెంబర్ పదో తారీఖు వచ్చి వాంగ్మూలం ఇవ్వమన్నాను. రాకపోతే భయపడ్డారనుకున్నాను" అన్నది. ఇంటికి వచ్చి నీ ఉత్తరాలన్నీ వరుసగా పెట్టుకున్నాను. వదిలెయ్యమని నువ్వు రాసిన ఉత్తరం మీద తారీఖు సెప్టెంబర్ పది. పదకొండు పేర్లని నువ్వు ఆగస్టులో రాశావు. ఆ లెక్క నేను మెయిల్‌లో తప్ప ఎక్కడా పెట్టలేదు.

28న, ఆదివారం, బోధన్ పోయి రాజమల్లును అడిగాను. "బ్రౌజర్ మంచిదే సిస్టర్, యాడ్లు బందు జేసుడు మంచిదే. పాస్‌వర్డ్ ఎన్నడన్న మార్చినవా?" అన్నాడు. మార్చవచ్చని నాకు తెలియదన్నాను. "నా కాడ గూడ అందరికి ఒక్కటే ఉంటది. ఎవలు అడగలె, నేను సెప్పలె" అని తల గోక్కున్నాడు. నువ్వు నాకు ఏ బండి ఎక్కాలో చెప్పావు, జాడ ఎలా చెరపాలో చెప్పావు, ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా చెప్పావు. ఆ ఒక్కటి చెప్పలేదు. జూన్‌లో మరిచిపోయి ఉంటావు. ఆగస్టులో మరిచిపోలేదు. నాకు నేనే ఒక మెయిల్ పెట్టుకుని చూడాలని నాకు అప్పుడే తోచింది. నీ ఉత్తరం అందాక మళ్లీ పోయి, రాజమల్లు ముఖం అటు తిప్పుకుంటే పాస్‌వర్డ్ మార్చుకున్నాను. కొత్తది బైబిల్లో లేదు.

మొదటి జవాబు నాకు చేరి ఉంటే నర్సవ్వ సంగతి ఏమయ్యేదో తెలియదు. ఆగేది అని రాయలేను. ఆగి ఉండవచ్చు అని మాత్రం రాస్తున్నాను. దాన్ని నువ్వు నీ దగ్గరే పెట్టుకో.

పొడుగు పుస్తకం కాల్చకు. కాలిస్తే పాస్‌వర్డులు పోవు, ఎవరెవరివో తెలిసే దారి పోతుంది. అందులో ఉన్న ప్రతి ఒక్కరినీ కలిసి, నీ ముందు కాకుండా, వాళ్లతోనే మార్పించు. ఎందుకని అడిగితే చెప్పు.

జారిపడిందని నువ్వు చెప్పినప్పుడు నేను నర్సునన్న సంగతి మరిచిపోయాను. అది నా తప్పు. ఈ ఉత్తరం జ్ఞానమ్మకు ఇవ్వు. చదివి వినిపించకు, చేతికి ఇవ్వు. ఆడవాళ్ల మీద కేసు ఉండదనీ, వాళ్లు తమంతట తాము చెబితే తప్ప పేర్లు బయటికి రావనీ మేడం చెప్పింది. జ్ఞానమ్మను ఏమీ చెప్పమని నేను అడగను. ఆమెను ఇప్పటికే చాలామంది అడగకుండా చాలా చేశారు.

నేను నవంబర్ 15, గురువారం పదకొండు గంటలకు జిల్లా ఆఫీసులో వాంగ్మూలం ఇస్తున్నాను. ఈసారి పేరు దాచమని అడగలేదు. పన్నెండు ఇళ్లలో ఎవరు తలుపు వేసుకుంటారో చూస్తాను.

విమల


నిజామాబాద్,
10 నవంబర్
(కార్డు)

వదినెకు జ్ఞానమ్మ రాసేది.

నీ ఉత్తరం నేనే చదువుకున్న. మూడుసార్లు చదివిన. ఇంట్ల కవర్లు కట్టలు కట్టలు ఉన్నయి. నేనే పోస్టాఫీసుకు పోయి ఈ కార్డు కొనుక్కున్న.

నేను జారి పడలె. మార్చి పద్నాలుగు నాడు నన్ను కిందికి తోల్కపోయిండ్రు. వాళ్లిచ్చిన కవరు బియ్యం డబ్బల దాసిన. అంటించింది అంటించినట్టే ఉన్నది, ఎవలం తెరవలె. తెరిచే పని పడలె.

పదిహేను తారీఖు పదకొండు గంటలకు ఆఫీసు గేటు కాడ ఉంట. కవరు నా చేతిల ఉంటది. నా పేరు నేనే చెప్త. ఆయన పొడుగు పుస్తకం పట్టుకోని గల్లీ గల్లీ తిరుగుతుండు. నేను గూడ వస్తనంటుండు. ఆ పొద్దు సూడాలె.

పోశన్నా, చదివినవ్ గద. సిస్టర్ ఊర్ల మీదికి పోయిందని రేపటికి పెట్టకు. ఈ పొద్దే ఇయ్యి.